మందు తాగించినా కోళ్లు తేరుకోకపోవడం: దేవరకొండ అన్నకు సమాధానం

అన్నా, ఎన్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఐదు రోజులు తాగించినా కోళ్లు తేరుకోలేదని, డాక్టర్ ఈకోలై అనే బ్యాక్టీరియా వల్ల వచ్చిన జబ్బు అన్నారని రాశారు. నా అనుమానం మందు మీద కాదు, మీరు మాటవరసకు చెప్పిన మైలుతుత్తం మీద. ప్రతి బ్యాచ్‌కీ నీళ్లలో కలుపుతున్నారు కదా, అది రాగి లవణం (కాపర్ సల్ఫేట్). మోతాదు పెరిగితే బ్యాక్టీరియాకు విషం. ఆ రాగిని బయటికి తోసేసే జన్యువులు ఉన్నవే బతికి పెరుగుతాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ జన్యువులు చాలాసార్లు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్ట మీద ఉంటాయి. యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువులూ అదే చుట్ట మీద ఉండొచ్చు. అంటే మందు వాడని రోజుల్లో కూడా మైలుతుత్తం ఆ మొండి రకాన్నే మేపుతుంటుంది. పైగా ఆ చుట్టను పక్క బ్యాక్టీరియాకు కాపీ చేసి ఇచ్చేస్తాయి, వేరే జాతిదైనా సరే!

అందుకే గుడ్డిగా ఇంకో మందుకు మారకండి. ఎవరైనా కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడమంటే అసలే వద్దనండి, కోళ్లకు వాడకుండా మన దేశంలో 2019లోనే నిషేధించారు. అప్పుడే చనిపోయిన కోడిని ఐస్ డబ్బాలో పెట్టి, ముందుగా ఫోన్ చేసి, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకి తీసుకెళ్లండి. కల్చర్, సెన్సిటివిటీ టెస్ట్ (ఏ బ్యాక్టీరియా ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్ష) అడగండి. ఈలోగా మైలుతుత్తం ఆపేయండి. బ్యాచ్ ఖాళీ అయ్యాక నీళ్ల పైపుల్లో బ్యాక్టీరియా పేరుకున్న జిగురు పోయేలా కడిగించండి. రిపోర్ట్ వచ్చాక ఇక్కడ పెట్టండి, చూద్దాం.