నాయన కువైట్‌కు పోయిండాడు

కడప,
ఆదివారం

అమ్మాయీ,

నీ కథా, దానికి నువ్వే చేసిన ఇంగ్లీషు అనువాదమూ అందాయి. కథ ఏకబిగిన చదివేశాను. అనువాదం దగ్గరికొచ్చేసరికి మొదటి వాక్యంలోనే ఆగిపోయాను. ఏ మనిషి కోసమైతే తల్లీపిల్లలు కథంతా ఎదురుచూస్తారో, ఆ మనిషిని నువ్వు మొదటి వాక్యంలోనే ఇంటికి తెచ్చేశావు.

అప్పులాయన వాకిట్లో నిలబడి "మీ నాయన యాడ?" అంటే పిల్ల చెప్పే జవాబు "నాయన కువైట్‌కు పోయిండాడు" అని. దాన్ని నువ్వు "మై ఫాదర్ హాజ్ బీన్ టు కువైట్" చేశావు. హాజ్ బీన్ టు అంటే పోయొచ్చినాడని. ఆ మాట వింటే అప్పులాయన కదలడు, ఇంకా లోపలికొచ్చి మంచమ్మీద కూర్చుంటాడు. పోయినవాడు ఇంకా అక్కడే ఉన్నాడని చెప్పాలంటే "హాజ్ గాన్ టు కువైట్". ఎప్పుడు పోయిందీ చెప్పదలిస్తే ఆ రెండూ పనికిరావు, "వెంట్ టు కువైట్ ఇన్ 2009" అనాలి. నిన్న అనో, పోయిన సోమవారం అనో, ఫలానా సంవత్సరం అనో వాక్యంలోకి వచ్చిందంటే హావ్, హాజ్‌లు పక్కకు తప్పుకోవాల్సిందే.

ఇదంతా నీకు తెలియని సంగతి కాదు. ఎవరైనా వచ్చి మీ అబ్బ ఉండాడా అని అడిగితే మీ అవ్వ ఏమంటుంది? "లేడు, కడపకు పోయిండాడు" అంటుంది. సాయంత్రం ఆయన ఇల్లు చేరాక "కడపకు పోయొచ్చినాడు" అంటుంది. పది రోజుల తర్వాత ఆ కబురే ఇంకెవరికో చెబుతూ "ఆ పొద్దు కడపకు పోయినాడు" అంటుంది. పోయిండాడు, పోయొచ్చినాడు, పోయినాడు. హాజ్ గాన్, హాజ్ బీన్, వెంట్. గీత గీసినట్టు అన్నిచోట్లా అతకవు గానీ, తేడా ఎక్కడుందో చెవికి పట్టిస్తాయి. మనం బడిలో ఈ మూడింటినీ "వెళ్ళాడు" అనే ఒక్క మాట కింద తొక్కేసి, ఆ వెళ్ళాడు మీద ఇంగ్లీషు నేర్చుకున్నాం. అందుకే హాజ్ గాన్ మనకు పరాయిదిగా కనిపిస్తుంది. నన్నడిగితే సీమ పిల్లలు ఇంగ్లీషు క్రియను పుస్తకాల తెలుగులోంచి కాకుండా ఇంట్లో మాట్లాడే తెలుగులోంచే పట్టుకోవాలి.

పన్నెండు టెన్సుల పట్టిక గోడకు అంటించుకున్నాననీ, దాన్ని చూస్తేనే టెన్షన్ అనీ రాశావు. నేనూ ఒకప్పుడు అంటించుకున్నవాణ్ణే. నిజానికి ఇంగ్లీషు క్రియ తన ఒంటిమీద మోసే కాలాలు రెండే: వర్క్, వర్క్‌డ్. రేపటి సంగతికి దానికి సొంత రూపమే లేదు, విల్ లాంటి ఇంకో మాటను తోడు తెచ్చుకుంటుంది. మిగతావన్నీ బీ, హావ్‌లను ముందు తగిలించి కట్టిన బండ్లే. వర్క్, వర్క్స్, వర్క్‌డ్, వర్కింగ్, అంతే దాని సంసారం. అన్నిటికంటే పెద్ద సంసారం బీ అనే క్రియది, దానికీ ఎనిమిది రూపాలే. మన "చేయు" తో పోల్చు: చేశాను, చేశావు, చేశాడు, చేసింది, చేశాం, చేశారు, చేశాయి, ఇది ఒక్క కాలానికి. మన క్రియలోనే మనిషి ఉంటాడు కాబట్టి "వస్తా" అంటే చాలు. వాళ్ళ క్రియలో మనిషి ఉండడు కాబట్టి ఐ అనో, హీ అనో ముందు పెట్టి తీరాలి. ఆఖరికి వాన కురిసినా "ఇట్" అని ఎవరో ఒకరిని నిలబెట్టాలి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జ్వరమొచ్చి లీవ్ లెటర్ రాశాను. "ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్ సిన్స్ టూ డేస్." పైఅధికారి దాని కింద ఎర్ర ఇంకుతో రెండు గీతలు గీసి, సెలవు ఇచ్చి, నేను లేని ఆ మూడు రోజులూ ఆ కాగితాన్ని సెక్షన్‌లో అందరికీ చూపించాడు. తప్పేమిటో మాత్రం చెప్పలేదు, ఆయనకు తెలుసో లేదో కూడా అనుమానమే. చాలా ఏళ్ళకు నాకే తట్టింది. "రెండు రోజుల నుంచి జ్వరమొస్తోంది" అంటాం మనం. వస్తోంది అనేది ఇప్పటి మాట, దాన్ని వెనక్కి లాగే పని "నుంచి" చేస్తుంది. ఇంగ్లీషులో ఆ లాగే పనిలో క్రియ కూడా చెయ్యి వేయాలి: "హావ్ బీన్ సఫరింగ్ ఫర్ టూ డేస్". సిన్స్ పక్కన మొదలైన రోజు రావాలి, సిన్స్ ఫ్రైడే అని. ఎన్ని రోజులైందీ చెబితే ఫర్.

ఫ్రైడే అంటే గుర్తొచ్చింది. నీ కథలో శుక్రవారం చాలా బాగుంది. అక్కడ సెలవు కాబట్టి నాయన ఆ రోజే ఫోన్ చేస్తాడు, అమ్మ పొద్దున్నుంచీ ఫోన్ పక్కన పెట్టుకుని తిరుగుతుంది. కానీ "మదర్ ఈజ్ వెయిటింగ్ ఎవ్రీ ఫ్రైడే" అన్నావు. ఎదురుచూస్తుంది అనే మన మాట రేపటికీ సరిపోతుంది, ప్రతి వారానికీ సరిపోతుంది. ఇంగ్లీషు ఈ రెండింటినీ వేరు పెడుతుంది: అలవాటైతే వెయిట్స్, రేపటిదైతే విల్ వెయిట్. ఈజ్ వెయిటింగ్ అంటే ఈ క్షణాన కూర్చుని చూస్తోందని. నీ కథ జరిగిపోయిన కథ కాబట్టి "వెయిటెడ్ ఎవ్రీ ఫ్రైడే" చాలు. తెలుగులో కథ మధ్యలో కాలం మార్చి మళ్ళీ వెనక్కి వచ్చినా పాఠకుడు ఏమీ అనుకోడు. ఇంగ్లీషులో ఒక కాలం పట్టుకున్నాక కారణం లేకుండా వదలకు.

మూడో పేజీలో "హీ డిడ్ నాట్ కేమ్" రెండుసార్లు ఉంది. రాలేదు అనే మాటను విడదీసి చూడు: రా, లేదు. వచ్చాడులేదు అనం కదా! లేదు వచ్చేసరికి క్రియ తన వేషమంతా తీసేసి ఒట్టి "రా" అయి నిలబడుతుంది. డిడ్ వచ్చాక కమ్ చేసేదీ అదే. ఇక గో, వెంట్, గాన్ లాంటివాటికి లాజిక్ వెతక్కు. వెంట్ అసలు వెండ్ అనే వేరే క్రియకు చెందిన రూపం, గో ఎప్పుడో దాన్ని తెచ్చేసుకుంది. రోజూ నోట్లో నలిగే క్రియలే ఇట్లా అడ్డదిడ్డంగా మిగిలిపోతాయి. మనం పిలిచేటప్పుడు "రా" అని, చెప్పేటప్పుడు "వచ్చాడు" అనడం లేదా? బ్రౌన్ లైబ్రరీ ముందు నుంచి పోయినప్పుడల్లా నాకిదే అనుమానం. 1820లో ఈ ఊరికొచ్చి, 1840లో ఇంగ్లీషువాళ్ళ కోసం తెలుగు వ్యాకరణం అచ్చేసిన బ్రౌన్ దొరకు రా, వచ్చు రెండూ ఒకటే క్రియ అని మొదట చెప్పిన పుణ్యాత్ముడు ఎవరో.

నాకు అన్నిటికంటే బాధ కలిగించింది అవ్వ వాక్యం. "అవ్వ లేచి, మొగం కడుక్కొని, పొయ్యి రాజేసి, సంగటికి ఎసరు పెట్టింది." దాన్ని "హావింగ్ గాటప్, హావింగ్ వాష్డ్ హర్ ఫేస్, హావింగ్ లిట్ ద ఫైర్..." అని మొదలుపెట్టావు. అవ్వ కోర్టులో వాంగ్మూలం ఇస్తున్నట్టుంది. తెలుగు వాక్యంలో పూర్తి క్రియ ఒక్కటే, చివర్న పెట్టింది అనేది. లేచి, కడుక్కొని, రాజేసి అనేవి దానికి దారి ఇస్తూ పోతాయి. ఇంగ్లీషులో నాలుగు పనులకూ నాలుగు పూర్తి క్రియలు పెట్టు: గాటప్, వాష్డ్, లిట్, పుట్. కామాలతో పేర్చి, చివర ఒక అండ్. అవ్వ చకచకా కదులుతుంది.

కానీ "శెనక్కాయలు ఒలుస్తా కూర్చునింది" దగ్గర అట్లా చేయకు. అక్కడ రెండు పనులూ ఒకేసారి జరుగుతున్నాయి, ఇంగ్ రూపం దానికోసమే ఉంది: "శాట్ షెల్లింగ్ గ్రౌండ్‌నట్స్". నువ్వు దాన్ని "శాట్ అండ్ షెల్డ్" అన్నావు, ముందు కూర్చుని తర్వాత ఒలిచినట్టయింది. అమ్మ "ఏడ్చేసింది" అన్నచోట క్రైడ్ చాలదు. ఆ "ఏసింది"లో ఆపుకోలేకపోవడం ఉంది. బరస్ట్ ఇంటు టియర్స్ కొంచెం అరిగిపోయిన మాటే, అయినా క్రైడ్ కంటే దగ్గర. ఇంతకంటే మంచిది దొరికితే నాకూ చెప్పు.

చివరి వాక్యం నేను దిద్దలేదు. చేలోంచి ఇద్దరూ తిరిగొచ్చేసరికి తలుపు గొళ్ళెం తీసి ఉంటుంది, కుండ మీద మూత పక్కన ఉంటుంది. "ఎవరో వచ్చి పోయిండారు." దీన్ని "సంబడీ కేమ్ అండ్ వెంట్" అన్నావు. అట్లా అంటే వాళ్ళు చూస్తుండగానే ఎవరో వచ్చి పోయినట్టుంటుంది. వాళ్ళు వచ్చేసరికే అది జరిగిపోయింది కాబట్టి హాజ్ కాస్తా హాడ్ అవుతుంది. "హాడ్ కమ్ అండ్ గాన్" అనొచ్చు, "హాడ్ బీన్ దేర్" అనొచ్చు. మొదట్లో అప్పులాయనకు చెప్పకూడని ఆ బీన్ ఇక్కడ బాగా పనికొస్తుంది. ఏది పెట్టాలో నువ్వే చూసుకో. వచ్చింది ఎవరో నీకే తెలియాలి కదా.

మిగతా పేజీలు పెన్సిల్‌తో దిద్ది పెట్టాను. వచ్చే ఆదివారం పదింటి తర్వాత ఇంట్లోనే ఉంటాను, వచ్చి తీసుకుపో.

ఆశీస్సులతో,
మీ సార్