ఎగుమతిలో తప్పా, రికార్డింగులోనే తప్పా?

ప్రశ్న: పిల్లల కోసం పాఠాలు ల్యాప్‌టాప్‌లో కాలర్ మైకుతో, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేస్తున్నాను. అక్కడ వింటే బాగానే ఉంది. ఎంపీ3 చేసి ఫోన్లో ఇయర్‌ఫోన్లతో వింటే బావిలోంచి మాట్లాడినట్టుంది. స, శ, ష తేడా తెలియడం లేదు. ఫైలు చిన్నగా ఉండాలని 32 కేబీపీఎస్ స్టీరియో పెట్టాను.
– ఒక ఉపాధ్యాయురాలు, ప్రొద్దుటూరు

జవాబు: మీరు చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. స, శ, ష కలిసిపోవడం ఎంపీ3 పని. ఆ అక్షరాల పదునంతా పైస్థాయి శబ్దాల్లో ఉంటుంది. బిట్‌రేటు (సెకనుకు వాడే డేటా, మీరు పెట్టిన 32 కేబీపీఎస్ అదే) చాలక ఎంపీ3 ముందుగా కోసేది వాటినే. పైగా స్టీరియో పెడితే ఉన్న ఆ 32నే రెండు చానళ్లూ పంచుకోవాలి. ఒక్క మైకుకు స్టీరియో దండగ. మోనో, 96 కేబీపీఎస్ పెట్టండి. పది నిమిషాల పాఠం సుమారు 7 ఎంబీ వస్తుంది. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి.

బావి గొంతు మాత్రం రికార్డింగులోనే ఉంది. ల్యాప్‌టాప్ స్పీకర్లలో అది బయటపడదు. ఎగుమతికి, అంటే ఎంపీ3 చేయడానికి ముందు, అదే ప్రాజెక్టును అదే ఇయర్‌ఫోన్లతో వినండి, తెలిసిపోతుంది. కింద కడప బండలు, చుట్టూ సున్నం గోడలు, కిటికీకి పరదా కూడా లేని గదిలో మాట గోడలకు తగిలి తిరిగి మైకులోకి వస్తుంది. దీన్ని ఏ ఎఫెక్టూ పూర్తిగా తీయలేదు. నేల మీద రెండు బొంతలు పరిచి, మీ ఎదురుగా తాడు మీద దుప్పటి వేలాడదీయండి. మైకు గడ్డానికి జానెడు దూరంలో ఉండాలి. ఫ్యాను ఆపాల్సిందే. మన ఎండలకు అది శిక్షే కాబట్టి ఐదేసి నిమిషాల ముక్కలుగా చదవండి.

రికార్డింగ్ మీటరు -12, -6 డెసిబెల్స్ మధ్య ఆడాలి. 0కి తగిలితే అలల తలలు తెగిపోతాయి, తర్వాత వాల్యూం తగ్గించినా గరగర పోదు. ప్రతి ముక్క మొదట్లో ఐదు సెకన్లు ఊరుకోండి; వెనక రొదను తగ్గించే నాయిస్ రిడక్షన్ ఎఫెక్టుకు ఆ నిశ్శబ్దమే నమూనా. అది కూడా 6 నుంచి 12 డెసిబెల్స్ దాటిస్తే గొంతు నీళ్లలో మాట్లాడినట్టవుతుంది.

ఇంకొకటి: ఎంపీ3ని తెరిచి, దిద్ది, మళ్లీ ఎంపీ3 చేయకండి. చేసిన ప్రతిసారీ కొంత పోతుంది. అసలు ప్రతిని వేవ్ (కుదించని ఫైలు)గా దాచుకోండి. శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని కొలిచే సార్లు) 44,100 హెర్ట్జ్, 16 బిట్, మోనో అయితే పది నిమిషాలకు సుమారు 53 ఎంబీ.

ప్రశ్న: భజన రికార్డు చేసేటప్పుడు చార్జరు పెడితే గుయ్యిమంటోంది, తీస్తే పోతోంది. మైకు చెడిపోయిందా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మైకు మంచిదే. ల్యాప్‌టాప్ లోహపు భాగాన్ని వేలితో తాకి చూడండి. మోత మారితే ఎర్తింగ్‌ను అనుమానించాలి. మూడు పిన్నుల చార్జరును రెండు పిన్నుల ప్లగ్గుతో వాడుతున్నారేమో చూసుకోండి, సాకెట్టుకు ఎర్తు వచ్చిందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మోత తగ్గుతుందని ఎర్తు పిన్ను విరిచేవాళ్లున్నారు, ప్రాణానికే ముప్పు. అంతవరకు బ్యాటరీ మీదే రికార్డు చేయండి. మైకు వైరును ఇన్వర్టరుకు, ఫ్యాను రెగ్యులేటరుకు దూరంగా పెట్టండి.

ఇప్పటికే రికార్డయినదానికి ఒక్క స్థాయి శబ్దాన్నే కోసే నాచ్ ఫిల్టర్‌ను 50 హెర్ట్జ్ దగ్గర వాడండి, చాలకపోతే 150 దగ్గర. 100 దగ్గర మాత్రం జాగ్రత్త: మగ గొంతు, మృదంగం తొప్పి (మంద్ర శబ్దం వచ్చే వైపు) అక్కడే ఉంటాయి, పాట పలచబడుతుంది. సన్నగా జిర్రుమనే మోతకు ఇది పనిచేయదు.

ప్రశ్న: ఖరీదైన బ్లూటూత్ హెడ్‌సెట్ కొన్నా, కంప్యూటర్లో రికార్డయిన గొంతు ఫోన్ కాల్‌లా ఉంది. శాంపిల్ రేటు 48,000 హెర్ట్జ్ పెట్టినా మారలేదు.
– ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: హెడ్‌సెట్ మైకు తెరవగానే చాలా కంప్యూటర్లలో బ్లూటూత్ కాల్ పద్ధతిలోకి మారుతుంది. అప్పుడు వచ్చేది 8,000 లేదా 16,000 హెర్ట్జ్ మోనో. రానిదాన్ని 48,000 తేలేదు. వినడానికి హెడ్‌సెట్ ఉంచుకుని, ఇన్‌పుట్‌గా ల్యాప్‌టాప్ సొంత మైకునో వైరు మైకునో ఎంచుకోండి.