ఇంగ్లీషులో తర్కం, తెలుగులో ఆవేశం: ఈ మాట నిజమేనా?

ఇంగ్లీషులో వాదించేవారు తర్కంతో మాట్లాడతారని, తెలుగులో వాదన మొదలైతే ఆవేశంగా మారిపోతుందని అంటారు, ఇందులో నిజమెంత అని అడిగారు. నా అనుభవంలో ఈ తేడా రెండు భాషల గుణాల వల్ల రాలేదు. వాదించవలసిన విషయం ఏ భాషలో, ఎలాంటి వాక్యాల్లో మన చేతికి అందిందన్న దాన్ని బట్టి వచ్చింది. పరిశ్రమల అనుమతుల కోసం జరిగే ప్రజాభిప్రాయ సేకరణలకు ముందు, కోస్తా గ్రామాల్లో రైతులతో, మత్స్యకారులతో కూర్చుని కాగితాలు చదివే పని కొన్నేళ్లుగా చేస్తున్నాను. అక్కడ చూసిన సంగతులే చెబుతాను.

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ఈ సభను కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటు చేయాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. పరిశ్రమ వల్ల పరిసరాలపై పడే ప్రభావం గురించి కంపెనీ తయారు చేయించిన ముసాయిదా నివేదికను కలెక్టరు కార్యాలయం వంటి చోట్ల జనానికి అందుబాటులో ఉంచాలి. అయితే స్థానిక భాషలో తప్పనిసరిగా ఇవ్వవలసింది దాని సారాంశం మాత్రమే. వందల పేజీల అసలు నివేదిక ఇంగ్లీషులోనే ఉంటుంది. గాలిలో ధూళి ఎంత, నీళ్లు ఎంత లోతున ఉన్నాయి, ఏ నెలల్లో కొలిచారు, ఎక్కడ కొలిచారు అన్న వివరాలు చాలావరకు ఆ ఇంగ్లీషు పట్టికల్లోనే ఉండిపోతాయి. తెలుగు సారాంశంలోకి ఎక్కువగా వచ్చేవి హామీలు. సభలో ఒక పెద్దాయన లేచి “మా బతుకులు పోతాయయ్యా” అన్నాడంటే ఆయనకు తర్కం చేతకాదని అనుకోకండి. నీటి మట్టం గురించి, గాలి వాటం గురించి ఆయనకు తెలిసినంత ఆ వేదిక మీద కూర్చున్నవారికి తెలియదు. వాదనకు కావలసిన కొలతలను ఆయన చదవగలిగే భాషలో ఎవరూ పెట్టలేదు, అంతే.

ఆ సారాంశంలోని తెలుగు మరో అడ్డంకి. “తగిన చర్యలు తీసుకోబడతాయి”, “ధూళి నియంత్రించబడును”, “స్థానికులకు ప్రాధాన్యం కల్పించడం జరుగుతుంది.” పేజీల నిండా ఇవే వాక్యాలు. ఎవరు తీసుకుంటారు? ఎప్పటి నుంచి? ఎంత మేరకు? వీటిలో కర్త కనబడడు, గడువు ఉండదు. ఖండించడానికి పట్టు దొరకని వాక్యాన్ని ఎవరైనా ఎలా ఖండించగలరు? విన్నవాళ్లకు నమ్మడమో నమ్మకపోవడమో తప్ప మూడో దారి ఉండదు. అందుకే సభ మొత్తం జేజేలుగా, నినాదాలుగా చీలిపోతుంది.

మేము చేసే పని చాలా చిన్నది. ఒక్కొక్క వాక్యాన్ని మామూలు తెలుగులోకి తిప్పి, ఎవరు, ఎప్పుడు, ఎంత అన్నవాటికి ఖాళీలు పెట్టి రాస్తాం. “కంపెనీవారు ____ యంత్రం పెట్టి ____ నెల నుంచి ధూళిని ____ వరకు తగ్గిస్తారు.” ఆ ఖాళీలే మర్నాడు ప్రశ్నలవుతాయి. ఒక ఊళ్లో, బడికి పెద్దగా వెళ్లని ఒక రైతు మహిళ అడిగిన ప్రశ్న తలచుకుంటే నాకిప్పటికీ గర్వంగా ఉంటుంది: “మా బోర్లలో నీళ్లు ఏ నెలలో కొలిచారు? వానలు పడి వెలిసినప్పుడు కొలిస్తే ఎవరి బావైనా నిండుగానే ఉంటుంది. మే నెల లెక్క ఏది?” మూడు నెలల కొలతలతో ఏడాది మొత్తానికి తీర్పు చెప్పవచ్చా అని నిపుణులు వాదించుకునే విషయం ఇదే. ఆవిడ తెలుగులోనే అడిగింది, నిదానంగా అడిగింది.

తెలుగులో ఇంకొక సంగతి గమనించాలి. “మన జిల్లాకు పరిశ్రమ వస్తే మనందరికీ ఉద్యోగాలు” అని వేదిక మీది నుంచి అంటే, ఆ “మన” అన్న మాటతో వినేవాణ్ని అడగకుండానే తమలో కలిపేసుకుంటారు. అప్పుడు భూమి ఎవరిది, ఉద్యోగం ఎవరిది అని విడదీసి అడగాలి. ఈ జాగ్రత్త మన వైపూ ఉండాలి. “మేమంతా వ్యతిరేకం” అన్న మాట కింద కౌలురైతు, సెంటు భూమి లేని కూలీ మరుగున పడిపోతారు. ఉద్యోగం కోసం నిజంగానే ఎదురుచూసే యువకులు ఆ ఊళ్లోనే ఉంటారు. వారి మాటను మింగేసి గెలిచే వాదన నాకు అక్కరలేదు.

ఇంగ్లీషు వైపు చెప్పవలసింది కూడా ఉంది. తర్వాత నేర్చుకున్న భాషలో ఆలోచించినప్పుడు ఒకే విషయాన్ని లాభంగానో నష్టంగానో చెప్పే మాటల గారడీకి మనుషులు తక్కువగా లొంగుతారని 2012లో షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రచురించారు. నమ్మదగిన పరిశీలనే. కానీ అందులో పాల్గొన్నవారు ఆ భాషను నేర్చుకున్నవారు. వారి ముందున్నవి నాలుగు వాక్యాల్లో ఇమిడే సమస్యలు. అర్థం కాని భాషలో నివేదిక చేతికిస్తే వచ్చేది మౌనం. దాన్ని నిదానం అనుకుంటే పొరపాటు. 2020లో, 2006 నోటిఫికేషన్ స్థానంలో తేదలచిన కొత్త నోటిఫికేషన్ ముసాయిదాను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు జూన్ 30న ఆదేశించడానికి వెనక ఉన్న బాధ ఇదే. కేంద్రం ఆ ఆదేశాన్ని సుప్రీంకోర్టులో సవాలు చేసింది.

మీరు ఎప్పుడైనా ఇలాంటి సభకు వెళ్తే చివరిదాకా ఉండండి. సభ చివర చర్చల సారాంశాన్ని స్థానిక భాషలో చదివి వినిపించాలని నిబంధన ఉంది. చాలామంది అప్పటికే బస్సు కోసం లేచిపోతారు. నీటి కొలత గురించి అడిగిన ప్రశ్నను “గ్రామస్థులు ఆందోళన వ్యక్తం చేశారు” అని రాసి ఉంటే అక్కడికక్కడే దిద్దించండి. ఆందోళన అని రాస్తే కంపెనీ జవాబుగా “తగిన చర్యలు తీసుకోబడతాయి” అనే వాక్యమే వస్తుంది. ప్రశ్నను ఉన్నదున్నట్టు రాయిస్తే, కంపెనీ జవాబులో నెల పేరు రాయకుండా తప్పించుకుంటే ఆ సంగతి అనుమతి దరఖాస్తును పరిశీలించే నిపుణుల కమిటీకి కాగితం మీదే కనబడుతుంది.