డాక్టర్ సలహా: రెండేళ్ల తర్వాత కలం పట్టాను.. మాటలు తట్టడం లేదు!

ప్రశ్న: నా వయసు 46. చిక్కడపల్లిలో ఉంటాం. పెళ్లికి ముందు నుంచీ కథలు రాసేదాన్ని. అత్తగారు పక్షవాతంతో మంచం పట్టాక రెండేళ్లపాటు ఆమె మందులు, బీపీ లెక్కలు నోటుబుక్కులో రాయడం తప్ప మరేమీ రాయలేదు. ఆమె పోయి ఎనిమిది నెలలైంది. ఇప్పుడు కూర్చుంటే నాలుగు వాక్యాలు రాసి కొట్టేస్తున్నాను. తెలిసిన మాట కూడా గుర్తుకు రావడం లేదు. రాత్రి మూడింటికే మెలకువ వస్తుంది, మధ్యాహ్నం నిద్ర ముంచుకొస్తుంది. ఏడేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. మెదడు చురుగ్గా ఉండటానికి టానిక్ ఏదైనా చెబుతారా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, టానిక్ కొనకండి. జ్ఞాపకశక్తి పేరుతో అమ్మే సీసాలతో మీ కథ ముందుకు కదలదు. మీ ఉత్తరంలో నన్ను ఆపినవి రెండు: మెట్‌ఫార్మిన్, రాత్రి మూడు గంటలు.

మెట్‌ఫార్మిన్ మంచి మందే. అయితే ఏళ్ల తరబడి వాడేవారిలో కొందరికి ఆహారంలోని బి12 విటమిన్ ఒంటికి సరిగా పట్టదు. శాకాహారులైతే లోటు ఇంకా ఎక్కువ. బి12 తగ్గితే నీరసం, అరికాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు వస్తాయి. థైరాయిడ్ మందగించినా, రక్తం తగ్గినా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) పరీక్షలు చేయించండి. లోపం తేలితే మాత్రలతోనో ఇంజెక్షన్లతోనో సరిచేయవచ్చు. మీ అంతట మీరు మెట్‌ఫార్మిన్ మాత్రం ఆపవద్దు. నెలసరి క్రమం తప్పుతుంటే అదీ డాక్టరుకు చెప్పండి. నెలసరి ఆగిపోయే దశలోనూ నిద్ర చెదురుతుంది.

ఇక మూడు గంటల సంగతి. మంచం పట్టిన మనిషికి పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలి. రెండేళ్లు ఆ సేవ చేసిన ఒంటికి ఆ వేళలు అలవాటైపోతాయి, మంచం ఖాళీ అయ్యాక కూడా మెలకువ వస్తూనే ఉంటుంది. అప్పుడు గడియారం చూడకండి, ఫోను ముట్టకండి. ఎంతకీ నిద్ర పట్టకపోతే లేచి మసక వెలుతురులో కూర్చుని, కళ్లు మూతపడుతున్నప్పుడే పడుకోండి. ఎంత నిద్ర తగ్గినా పొద్దున ఒకే వేళకు లేవండి. పగటి కునుకు అరగంట దాటనివ్వకండి.

ఇలాంటి మెలకువ కుంగుబాటు లక్షణం కూడా కావచ్చు. రోజంతా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి ఉంటే మానసిక వైద్యుణ్ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు.

రాత విషయానికొస్తే, పిండికట్టు విప్పిన కాలును మీరు చూసే ఉంటారు. ఆరు వారాలకే తొడ కండ సన్నబడి, పాదం నేల మీద మోపాలంటే భయపడతారు. ఆ రోజే మెట్లెక్కమని ఎవరమూ చెప్పం. మీరేమో మొదటి రోజే పూర్తి కథ అడుగుతున్నారు! రోజుకు పదిహేను నిమిషాలు చాలు. ఉత్సాహం వచ్చాక రాద్దామని కూర్చోకండి. కుంగుబాటు ఉన్నవారికి కూడా మేం ముందు చిన్న పనే అప్పగిస్తాం, ఆసక్తి మెల్లగా దాని వెంట వస్తుంది. ఇంటి పనులు లాగుతుంటే మీ దగ్గరే నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. పోటీ పరీక్షల పిల్లలు తలెత్తకుండా చదివే చోట మీకూ కుదురు చిక్కుతుంది. అక్కడిదాకా నడక షుగర్‌కూ మంచిదే.

రెండు వారాలు కొట్టివేతలు వద్దు, కథ కూడా వద్దు. ఆ మందుల నోటుబుక్కు తీయండి. ఒక తేదీ దగ్గర ఆగి, ఆ రోజు అత్తగారు ఏం తిన్నారు, ఏం అడిగారు, వీధిలోంచి ఏ కేక వినిపించింది, అంతే రాయండి. కన్నీళ్లొస్తే రానివ్వండి. మరీ బరువుగా అనిపిస్తే పుస్తకం మూసి, పొద్దున వచ్చిన కూరగాయల బండి గురించి రాయండి. ఇంకా రాయాల్సింది ఉండగానే ఆపండి, మర్నాడు ఎక్కడ అందుకోవాలో వెతుక్కోనక్కర్లేదు.

ఎన్ని గంటలు పడుకున్నదీ రోజూ రాసుకుని, నెల తర్వాత రిపోర్టులతో మీ షుగర్ డాక్టరును కలవండి. ఆ లెక్కకు కొత్త నోటుబుక్కు కొనుక్కోండి, అత్తగారి పుస్తకంలో వద్దు.