మే నెల పెళ్లి, ఏసీ లేని మండపం: మేకప్ కారకుండా నిలవాలంటే

మీ ప్రశ్న చూశాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. మే నెలలో విజయవాడలో పెళ్లి, పొద్దున 10 దాటాక ముహూర్తం, ఫ్యాన్లు తప్ప ఏసీ లేని కల్యాణ మండపం, మీది జిడ్డు చర్మం, చెమట ఎక్కువ. మేకప్ కారిపోకుండా ఏం చేయాలి, చర్మాన్ని ఎప్పటి నుంచి సిద్ధం చేసుకోవాలి అని అడిగారు. నా పెళ్లి అచ్చం ఇలాంటి మే నెలలో, ఈ ఊళ్లోనే జరిగింది. ఆ తర్వాతే ఈ పని నేర్చుకున్నాను. 11 ఏళ్లుగా పెళ్లికూతుళ్లకు మేకప్ చేస్తున్నాను.

ముందు నా పెళ్లి సంగతి చెప్తాను. ఎండకి నిలవాలంటే మందంగా ఉండాలని నాకు ఫౌండేషన్ మూడు పూతలు వేశారు. అదీ నా ఒంటి రంగు కన్నా రెండు షేడ్లు తెలుపు. గౌరీపూజ అయ్యేసరికే పై పెదవి మీద చెమట చుక్కలు తేలాయి. జీలకర్ర బెల్లం పెట్టే వేళకి కణతల పక్కన చారలు. మధుపర్కాలు కట్టుకుని హోమం ముందు కూర్చున్నాక ఇంక ఆగలేదు. తెల్ల జాకెట్టు మెడ అంచు పొడుగునా గోధుమరంగు మరక పడింది. బాసికం కింద నుదురు ఒక రంగు, బుగ్గలు ఇంకో రంగు. మా పిన్ని పాపం జేబురుమాలుతో తుడవబోతే ఆ చోట పూత మొత్తం ఊడి వచ్చేసింది. తలంబ్రాలు పోసుకుంటున్న ఫొటోలన్నిటిలో ఎడమ బుగ్గ మీద ఆ మచ్చ కనిపిస్తుంది.

ఎందుకలా అయిందో ఈ పనిలోకి వచ్చాక అర్థమైంది. చెమట చర్మం లోపలి నుంచి పైకి తోసుకొస్తుంది. పైన మందపాటి పూత ఉంటే దాన్ని పెకలించుకుని మరీ వస్తుంది. పలచటి పూత అయితే చెమట దాని గుండా బయటికి వచ్చి ఆరిపోతుంది, పూత చాలావరకు అక్కడే ఉంటుంది. అందుకే ఎండాకాలం మేకప్‌లో నేను పట్టుబట్టేది ఒక్కటే: తక్కువ వేయాలి, పొర పొరకీ మధ్య ఆగాలి. మీకు మేకప్ చేసేవాళ్లు ఎవరైనా సరే, ఈ మాట ముందే చెప్పి ఒప్పించండి.

ఇంకో విషయం. మనది ఉక్కపోత. పక్కనే కృష్ణ, కాస్త దూరంలో సముద్రం, గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు. నిజామాబాద్, ఆదిలాబాద్ వైపు పొడి ఎండ. అక్కడ చెమట పట్టింది పట్టినట్టు ఆరిపోతుంది, చర్మం బిగుసుకుపోయి మేకప్ బీటలు వారుతుంది. వాళ్లకి క్రీము ఎక్కువ కావాలి, మనకి తక్కువ కావాలి. ఉత్తరాది వీడియోలు చూసి అదే వరసలో చేయబోతే ఇక్కడ కుదరకపోవడానికి ఇదొక కారణం.

చర్మం విషయానికొస్తే, కనీసం 6 వారాల ముందు మొదలుపెట్టండి. అది కూడా చాలా మామూలుగా. పొద్దున, రాత్రి ఫేస్‌వాష్. జిడ్డు, మొటిమలు ఉంటే 2 శాతం సాలిసిలిక్ యాసిడ్ ఉన్నది రోజుకొకసారి చాలు. ఆ తర్వాత జెల్ రకం మాయిశ్చరైజర్. జిడ్డు చర్మానికి మాయిశ్చరైజర్ ఎందుకని చాలామంది మానేస్తారు. నీటి తడి లేని చర్మం మీద ఫౌండేషన్ అతుకులు అతుకులుగా పడుతుంది, పైన జిడ్డు మాత్రం అలాగే ఉంటుంది. నియాసినమైడ్ (విటమిన్ బి3 రకం) ఉన్న సీరం పడితే జిడ్డు కొంత తగ్గుతుంది. ఏది కొత్తగా కొన్నా ముందు చెవి వెనకాల రాసి రెండు రోజులు చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం సన్‌స్క్రీన్. పెళ్లికూతుళ్ల ముఖాలు నల్లబడేది ఏప్రిల్ నెల పెళ్లి పనుల్లోనే. శుభలేఖలు, బీసెంట్ రోడ్డులో షాపింగ్, టైలర్ దగ్గరికి పదిసార్లు, అన్నీ స్కూటీ మీదే. ఎస్‌పీఎఫ్ 30 ఉన్నది చర్మాన్ని మండించే కిరణాలను సుమారు 97 శాతం ఆపుతుంది, 50 ఉన్నది 98 శాతం. తేడా చాలా తక్కువ. ఎంత రాస్తున్నామన్నది అంతకన్నా ముఖ్యం. చూపుడు వేలు, మధ్య వేలు పొడుగునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకీ సరిపోతుంది. మనలో చాలామంది అందులో సగం కూడా రాయరు. పీఏ పక్కన కనీసం మూడు ప్లస్ గుర్తులు ఉన్నాయో లేదో చూసుకోండి, నల్లబరిచే కిరణాల సంగతి అది చెప్తుంది. బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. చున్నీ కట్టుకున్నా సరే.

ఇక ఇంటి చిట్కాలు. సున్నిపిండి నాకూ ఇష్టమే, మా అమ్మమ్మ కలిపినదానితోనే పెరిగాను. కానీ ఎండాకాలంలో దాంట్లో బావంచాలు కలపకండి. బావంచాల్లో సొరాలెన్ అనే పదార్థం ఉంటుంది. బొల్లి చికిత్సలో డాక్టర్లు దీన్ని వాడేది చర్మం మీద కిరణాల ప్రభావం పెరగాలనే. అది రాసుకుని ఎండలోకి వెళితే కందిపోవడం, బొబ్బలు, నల్లమచ్చలు రావచ్చు. పెసరపిండి, కచ్చూరాలు, ఎండు గులాబీ రేకులు చాలు. నిమ్మరసం కూడా అంతే. రాసుకుని ఎండలో తిరిగితే కాలినట్టు మచ్చలు పడతాయి, అవి నెలల తరబడి పోవు.

ఇప్పుడు చెప్పేది దయచేసి శ్రద్ధగా చదవండి. కొన్నేళ్ల కిందట పెళ్లికి ముందు మేకప్ వేసి చూసుకునే ట్రయల్ కోసం ఒకమ్మాయి వచ్చింది. పెళ్లి ఇంకా 20 రోజులుంది. ముఖం కడుక్కుని కిటికీ దగ్గర కూర్చుంటే, బుగ్గల మీద సన్నని ఎర్రటి దారాల్లా నరాలు కనిపిస్తున్నాయి. తడి స్పాంజ్ తాకించగానే మంటని వెనక్కి జరిగింది. ఏం రాస్తున్నావమ్మా అని అడిగితే హ్యాండ్‌బ్యాగ్ లోంచి సగం ఖాళీ అయిన ట్యూబు తీసి ఇచ్చింది. వెనకాల చిన్న అక్షరాల్లో మొమెటాసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ అని ఉంది. స్టెరాయిడ్ కలిసిన మందు అది. మంగు మచ్చలకి డాక్టరు చెప్పినన్ని రోజులు మాత్రమే వాడాలి. ఈ పిల్ల తెల్లబడతానని ఎనిమిది నెలలుగా రోజూ రాస్తోంది. మందుల షాపులో చీటీ లేకుండానే ఇచ్చారట. ఆ రోజు నేను మేకప్ వేయలేదు, చర్మ డాక్టరు దగ్గరికి పంపాను. అలాంటి క్రీము ఉన్నపళంగా మానేసినా ముఖం ఎర్రగా పొంగిపోతుంది కాబట్టి డాక్టరు చెప్పినట్టే తగ్గించాలి. మీ దగ్గర, మీ ఫ్రెండ్స్ దగ్గర ఏ ట్యూబు ఉన్నా తిప్పి చూడండి. బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్ అనే పేర్లుంటే అది ఫెయిర్‌నెస్ క్రీము కానే కాదు. పెళ్లికి తెల్లబడాలని ఎవరు ఒత్తిడి పెట్టినా లొంగకండి. మీ రంగు మీద మేకప్ ఎంత బాగా కుదురుతుందో నేను రోజూ చూస్తున్నాను.

ఫేషియల్ చేయించుకుంటే పెళ్లికి 10 రోజుల ముందే ఆపేయండి. ఇంతకు ముందు చేయించుకోనిది ఏదీ ఆ ఆఖరి రోజుల్లో వద్దు. వ్యాక్సింగ్ నలుగుకి మూడు నాలుగు రోజుల ముందే అయిపోవాలి. ముందు రోజు చేయించుకుని దాని మీద పసుపు పడితే భగ్గున మండుతుంది. పెళ్లికూతుర్ని చేసినప్పటి పసుపు మర్నాటికి కూడా ముఖం మీద ఉండిపోయి ఫౌండేషన్ షేడ్ మార్చేస్తుంది. సబ్బుతో ఎంత రుద్దినా పోదు, ఎందుకంటే పసుపు రంగు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఆ రాత్రి నాలుగు చుక్కల కొబ్బరినూనె రాసి, దూదితో తుడిచి, ఆ తర్వాత ఫేస్‌వాష్‌తో కడిగేయండి. నూనె మాత్రం ముఖం మీద ఉంచుకోవద్దు, మొటిమలొస్తాయి.

పెళ్లి రోజు పొద్దున మొదట చూసుకోవాల్సింది గది. చెమట పడుతున్న ముఖం మీద ఏ మేకప్పూ నిలవదు. మండపానికి ఏసీ లేకపోయినా పెళ్లికూతురి గదికి ఉందేమో ఇప్పుడే కనుక్కోండి, లేకపోతే కూలర్ పెట్టించండి. తలస్నానం అయ్యాక అరగంట చల్లబడాలి. ఐసు ముక్కని పల్చటి నూలు గుడ్డలో చుట్టి నిమిషం సేపు ముఖమంతా తిప్పితే ఎరుపూ ఉబ్బూ తగ్గుతాయి. నేరుగా చర్మానికి తాకించకండి. తర్వాత జెల్ మాయిశ్చరైజర్ రాసి 10 నిమిషాలు ఆగి, ఇంకా పైన మిగిలింది టిష్యూతో అద్దేయాలి. ఫౌండేషన్ కింద వేసే ప్రైమర్ ముఖమంతా అవసరం లేదు. నుదురు, ముక్కు పక్కలు, పై పెదవి మీద, గడ్డం, అంతే. ప్రైమర్, ఫౌండేషన్ రెండూ ఒకే రకానివి అయి ఉండాలి. ఒకటి సిలికాన్‌ది, ఇంకొకటి నీటితో చేసింది అయితే చాలాసార్లు నలకలు నలకలుగా లేచిపోతుంది.

ఫౌండేషన్ కందిగింజంత తీసుకుని, తడిపి పిండిన స్పాంజ్‌తో ముఖం మధ్య నుంచి బయటికి అద్దుతూ వెళ్లాలి, రుద్దకూడదు. ఇంకా కావాలంటే ఇంకో కందిగింజ. నాలుగు నిమిషాలు ఆగి, పౌడర్ పఫ్‌తో నొక్కి పెట్టాలి. దాని మీద మేకప్‌ని కదలకుండా పట్టి ఉంచే సెట్టింగ్ స్ప్రే, ఆరాక జిడ్డు చోట్ల మాత్రం మళ్లీ కాస్త పౌడర్, మళ్లీ స్ప్రే. రోజ్‌వాటర్ చల్లగా ఉంటుందే కానీ సెట్టింగ్ స్ప్రే పని చేయదు. పౌడర్‌లో సిలికా ఎక్కువుంటే ఫ్లాష్ ఫొటోల్లో ముఖం బూడిద పూసినట్టు తెల్లగా పడుతుంది, ట్రయల్ రోజే ఫోన్‌లో ఫ్లాష్ వేసి ఫొటో తీసి చూసుకోండి.

షేడ్ ఎంచుకునేటప్పుడు దవడ అంచున మూడు షేడ్లు పక్కపక్కనే గీతల్లా రాసి, షాపు బయటికి వచ్చి పగటి వెలుతురులో చూడండి. ఏ గీత కనబడకుండా కలిసిపోతే అది మీది. షేడ్ సరిగ్గా కుదిరితే మెడకి ఫౌండేషన్ వేయనక్కర్లేదు, మధుపర్కాల చీర శుభ్రంగా ఉంటుంది.

కాటుక కింది రెప్పలో పెట్టకండి. హోమం పొగకి కళ్లు నీళ్లు కారతాయి, అప్పగింతలప్పుడు ఎలాగూ ఏడుస్తారు. పై రెప్పకి వాటర్‌ప్రూఫ్ లైనర్, మస్కారా చాలు. కల్యాణ తిలకం తడి కుంకుమతో దిద్దితే చెమటకి ముక్కు మీదకి జారుతుంది. నేను ఎర్రటి మ్యాట్ లిక్విడ్ లిప్‌స్టిక్‌తో సన్నని బ్రష్ పెట్టి దిద్దుతాను, సాయంత్రం దాకా కదలదు. స్టిక్కర్ బొట్టు పెట్టే చోట దురద కానీ, తెల్లమచ్చ కానీ ఎప్పుడైనా కనిపించి ఉంటే ఆ రకం మానేయండి. కొన్ని జిగుర్లలో ఉండే రసాయనం అక్కడి రంగునే పోగొడుతుంది.

మండపంలో మీ పక్కన తోడు పెళ్లికూతురుగా కూర్చునే అమ్మాయికి ఒక చిన్న సంచి ఇచ్చి, పని ముందే నేర్పండి. టిష్యూని ఒక్క పొరగా విడదీసి, చెమట పట్టిన చోట పెట్టి, మూడు లెక్కపెట్టే దాకా నొక్కి తీసేయాలి. తుడవకూడదు. చెమట అద్దాకే పౌడర్. తడి మీద పౌడర్ వేస్తే పిండి ముద్దలా అంటుకుంటుంది. పెద్దవాళ్లు ప్రేమగా కొంగుతో తుడవడానికి వస్తారు, వాళ్లకి ఒక టిష్యూ చేతికిచ్చి అద్దమని చెప్తే సంతోషంగా అద్దుతారు.

చివరగా, చాలామంది పెళ్లికూతుళ్లు ముహూర్తం దాకా ఉపవాసం ఉంటారు. అంత చీర, నగలతో బాత్రూమ్‌కి వెళ్లడం కష్టమని మంచినీళ్లు కూడా మానేస్తారు. 42 డిగ్రీల ఎండలో, హోమం సెగ పక్కన అది ప్రమాదం. ఒకమ్మాయి మంగళసూత్రం కట్టే ముందు కళ్లు తిరిగి నా చేతుల్లోనే వాలిపోయింది. మీ ఇంట్లో ఉపవాసం ఉండాలంటే నీళ్లు, మజ్జిగ తాగొచ్చా అని పురోహితుడు గారిని ముందే అడగండి. నేను అడిగిన ప్రతిసారీ తాగమనే అన్నారు. ఉప్పేసిన పల్చటి మజ్జిగ స్ట్రాతో తాగితే లిప్‌స్టిక్ కూడా చెదరదు. గౌరీపూజకి ముందు ఒక గ్లాసు, మధుపర్కాలు మార్చుకునేటప్పుడు ఇంకో గ్లాసు. దాన్ని గుర్తుపెట్టుకుని అందించే పని మీ అమ్మగారికి కాకుండా, ఆ రోజు వేరే ఏ పనీ లేని మనిషికి అప్పజెప్పండి.