కొత్తోళ్ళు గ్రూపులోకి వచ్చినప్పుడు

అమ్మాయ్,

నీ లెక్కల గ్రూపులోకి వచ్చే కొత్తోళ్ళ కోసమని నువ్వు రాసి పంపించిన వెల్కమ్ మెసేజూ దాని కింద ఆ ఇరవై మూడు రూల్సూ పొద్దున్నే యూనివర్సిటీ గ్రౌండ్‌లో వాకింగ్ అయినాక బెంచీ మీద కూర్చొని మొత్తం చదివినా, కండ్లద్దాలు ఇంట్లో మర్చిపోయి ఫోను బారెడు దూరం పట్టుకొని మరీ చదివినా. అంత కష్టపడి చదివినోణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటా, ఇంకెవరూ చదవరు. కొండ మీద క్యూ కాంప్లెక్స్‌లో గోడల నిండా బోర్డులుంటాయి గదా, గంటలకొద్దీ వాటి ముందరే కూర్చున్నోళ్ళు గూడా అవి చదవకుండా పక్కనోళ్ళని "ఇంకెంతసేపు పడుతుంది స్వామీ" అని అడుగుతారు. గ్రూపు గూడా అంతే.

రూల్స్ వద్దనడం లేదు, ఒక రెండు మూడు చాలు, అవేంటో కింద చెప్తా. కానీ లెక్కలంటే పిచ్చి ఉండేవోళ్ళు ఒకచోట చేరినప్పుడు ఎట్లా ఉంటుందో నాకు కొంచెం తెలుసు, ముప్పై ఏండ్లు క్లాసులో చెప్పి, రిటైరైనాక మా మిద్దె మీద ఆదివారం ఆదివారం ఆరేడు మందిని పోగేసి లెక్కలు చేసుకున్నోణ్ణి. నేను గమనించింది ఏందంటే, వచ్చినోడు నిలబడతాడా పారిపోతాడా అనేది "స్వాగతం సుస్వాగతం" పువ్వుల బొమ్మతో తేలదు. వాడు మొదటిసారి నోరు తెరిచి ఏదో అడుగుతాడు, లేదా తప్పు జవాబు చెప్తాడు చూడు, అప్పుడు మనం ఏమన్నామో దాంతో తేలిపోతుంది.

కాబట్టి ఆ రూల్స్ తీసేసి అక్కడ ఒక లెక్క పెట్టు. వచ్చినోడు చెయ్యి పెట్టడానికి ఏదో ఒకటి కనపడాల. నన్నడిగితే మన అలిపిరి మెట్ల లెక్క పెట్టమంటా. ఒక మనిషి మెట్లెక్కుతా ఉండాడు, ఒక్కోసారి ఒక మెట్టు ఎక్కుతాడు, ఒక్కోసారి రెండు మెట్లు ఒకేసారి దాటేస్తాడు, మొత్తం నాలుగు మెట్లుంటే ఎన్ని రకాలుగా ఎక్కొచ్చు. అంతే, ఆరో క్లాసు పిల్లకాయ కూడా చెయ్యొచ్చు, పేపరూ పెన్నూ కూడా అక్కర్లా. ఒక మెట్టుకి ఒకటే దారి, రెండుకి 2, మూడుకి 3, అది చూసి చానామంది నాలుగుకి 4 అనేస్తారు, నేను గ్యారంటీ ఇస్తా. కానీ నాలుగుకి 5. నాలుగూ ఒకటొకటిగా ఎక్కితే ఒక రకం, ఒక రెండూ రెండు ఒకట్లూ కలిపితే మూడు రకాలు, రెండూ రెండూ కలిపి ఒకటి. అయిదు మెట్లకి 8, పది మెట్లకి 89. చివరి అడుగు ఒక మెట్టయినా అయ్యుండాల, రెండు మెట్లయినా అయ్యుండాల, కాబట్టి ముందరి రెండు జవాబులు కూడితే తర్వాతది వచ్చేస్తుంది, ఇది వాళ్ళంతట వాళ్ళు కనిపెట్టేదాకా ఎవర్నీ చెప్పనీకు.

ఇంకో మంచి సంగతి, ఇదే లెక్క మన తెలుగు క్లాసులో లఘువు గురువులది కూడా. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు, నాలుగు మాత్రల్ని ఎన్ని రకాలుగా నింపొచ్చు అంటే మళ్ళీ 5. జైన పండితుడు హేమచంద్రుడు సుమారు 1150లో ఛందస్సు కోసమే ఈ లెక్క చెప్పినాడు, ఈ అంకెలకి ఎవరి పేరు పెట్టినారో ఆ ఇటలీ ఆయన ఫిబొనాచ్చి పుస్తకం వచ్చింది 1202లో. కాబట్టి లెక్కలు రావనుకునే తెలుగు పండిట్ ఎవరన్నా గ్రూపులోకి వచ్చినా వాళ్ళకి చెప్పేదానికి ఒక మాట దొరుకుతుంది, అది చిన్న విషయం కాదు. మన సాఫ్ట్‌వేర్ పిల్లకాయలు ఊరికే ఉంటారా, అలిపిరి నుంచి 3550 మెట్లు గదా సార్ మొత్తానికి ఎంత అంటారు, పైథాన్‌లో నాలుగు లైన్లు రాస్తారు, జవాబు 742 అంకెల నంబర్ వస్తుంది. ఆ నంబర్ మొత్తం గ్రూపులో పేస్ట్ చెయ్యొద్దని మాత్రం ముందే చెప్పు.

ఇప్పుడు నా తప్పొకటి చెప్తా, నువ్వు ఎవరికీ చెప్పొద్దు అనను, చెప్పు. మిద్దె మీద కూర్చుంటా ఉండిన రోజుల్లో ఒకాయన వచ్చినాడు, బస్సు కండక్టరు, యాభై పైనే ఉంటాయి, టికెట్ల బ్యాగులోంచి మడతలు పెట్టిన చార్టు పేపర్ తీసినాడు. ఏ కోణాన్నైనా స్కేలూ కంపాసుతో మూడు సమాన భాగాలు చేసేదానికి దారి కనిపెట్టినా సార్, ఎన్నో నెలలుగా దీని మీదే ఉండా అన్నాడు. నేను పేపర్ వైపు సరిగ్గా చూడను కూడా చూళ్ళేదు. అది కుదరదని 1837లోనే వాంట్జెల్ అనే ఫ్రెంచాయన రుజువు చేసేసినాడు, మీరు ఇంకా యాడ ఉండారు స్వామీ అని నవ్వినా, పక్కన ఇద్దరు కుర్రోళ్ళు గూడా నవ్వినారు. ఆయన ఏమీ అన్లేదు. పేపర్‌ని మళ్ళీ అవే మడతల్లో మడిచి బ్యాగులో పెట్టుకున్నాడు, కాఫీ వస్తా ఉండాది కూర్చోండంటే డ్యూటీ ఉంది సార్ అని దిగిపోయినాడు, మళ్ళీ రాలేదు.

నేను చెప్పిన వాంట్జెల్ మాట నిజమే, అందులో తప్పు లేదు. కానీ ఆయన గీసింది ఏందో తర్వాత ఒక రాత్రి నిద్ర పట్టక గుర్తు తెచ్చుకొని గీసి చూసినా. కోణం రెండు భుజాల మీద సమానంగా గుర్తులు పెట్టి, ఆ రెండు గుర్తుల్నీ గీతతో కలిపి, ఆ గీతని మూడు ముక్కలు చేసి, అక్కణ్ణించి మూలకి గీతలు లాగినాడు. ఆయన గీసుకున్నది 30 డిగ్రీల కోణం. దానికి ఈ పద్ధతిలో పక్క ముక్కలు 9.9 డిగ్రీలు, మధ్యది 10.2 వస్తాయి, ప్రొట్రాక్టర్ పెట్టి చూస్తే మూడూ పదే అనిపిస్తాయి, ఆయన కన్ను ఆయన్ని మోసం చెయ్యలేదు, పరికరం అంత సన్నంగా చూపించలేదు, అంతే. ఆ రోజు నేను నవ్వకుండా "అన్నా ఇదే పద్ధతి 90 డిగ్రీలకి గీసి చూపించు" అని ఒక్క మాట అనుంటే చాలు, పక్కవి 26న్నర, మధ్యది దగ్గర దగ్గర 37 వచ్చేది, ఆయనే తల గోక్కునేవాడు, ఆయనే మళ్ళీ వచ్చే ఆదివారం వచ్చి ఎందుకట్లా అని అడిగేవాడు, అప్పుడు వాంట్జెల్ గురించి చెప్పుంటే వినేవాడు. నీ గ్రూపుకి ఇట్లాంటోళ్ళు వస్తారమ్మా, తప్పకుండా వస్తారు, ఒకరు వృత్తం వైశాల్యానికి సరిగ్గా సమానమైన చతురస్రాన్ని స్కేలూ కంపాసుతో గీస్తామంటారు, ఒకరు పై (π) విలువ సరిగ్గా 22/7 అంటారు. కొందరు ఏం చెప్పినా వినరు, అది వేరే సంగతి, వాళ్ళతో మూడుసార్లు మాట్లాడి వదిలెయ్. కానీ మొదటిసారి మాత్రం వాళ్ళ పేపర్ చూడు, ఏ లైన్లో జారిందో ఆ లైను చూపించు, "అది ఎప్పుడో తేలిపోయింది" అనేది జవాబు కాదు.

తప్పు చెప్పినోణ్ణి ఎగతాళి చేసే పెద్ద చదువులోళ్ళు ఎవరన్నా ఉంటే వాళ్ళకి మూడు తలుపుల లెక్క గుర్తు చెయ్యి. మూడు తలుపుల్లో ఒకదాని వెనక కారు, రెండింటి వెనక మేకలు, నువ్వొకటి ఎంచుకున్నాక ఎక్కడేముందో తెలిసిన ఆయన మేకుండే తలుపు ఒకటి తెరిచి మార్చుకుంటావా అంటాడు. మార్చుకుంటేనే మేలు, మూడింట రెండు వంతులు గెలుస్తావని 1990లో అమెరికాలో ఒక పత్రికలో మెరిలిన్ వాస్ సావంత్ రాస్తే ఆమెది తప్పని ఉత్తరాలు వేలకొద్దీ వచ్చినాయి, అందులో దాదాపు వెయ్యి పీహెచ్‌డీలు చేసినోళ్ళవి. ఆమే రైటు. లెక్కల్లో అంత పేరున్న హంగేరీ ఆయన ఎర్డోష్ కూడా కంప్యూటర్లో ఆడించి చూపించేదాకా నమ్మలేదంటారు. ఇంక మన గ్రూపులో ఇంటర్ పిల్లకాయ తప్పు చేస్తే ఏమైపోతుంది.

అరకొర ఆలోచన కూడా రాయమని చెప్పు. 2009లో ఇంగ్లండు లెక్కల ప్రొఫెసర్ టిమ్ గోవర్స్ నెట్‌లో అందరూ కలిసి లెక్క చేద్దాం రండని పాలీమ్యాథ్ మొదలు పెట్టినప్పుడు పెట్టుకున్న పద్ధతే అది, సగం ఆలోచన అయినా తప్పు ఆలోచన అయినా రాయొచ్చు, కానీ మర్యాదగా ఉండాల. 2013లో ఝాంగ్ యీతాంగ్ అనే లెక్కలాయన, 7 కోట్ల లోపే తేడా ఉండే ప్రధాన సంఖ్యల జతలు అంతులేకుండా వస్తానే ఉంటాయని రుజువు చేస్తే, అట్లా కలిసి కూర్చున్నోళ్ళు ఆ 7 కోట్లని 4680కి దించినారు, మేనార్డ్ అనే కుర్రాయన వేరే దారిలో 600కి తెచ్చినాడు, మళ్ళీ అందరూ కలిసి 246 దాకా తెచ్చినారు. మన గ్రూపులో అంత జరక్కపోవచ్చు, జరగాల్సిన పని కూడా లేదు, కానీ "నాకు ఇంతవరకే వచ్చింది" అని రాసేదానికి సిగ్గు పడకూడదు.

తప్పు జవాబు కంటే కూడా మనిషిని ఎక్కువ తరిమేది ఏందో తెలుసునా, ఎవరూ పలక్కపోవడం. ఒకమ్మాయి రాత్రి పదికి లెక్క పెట్టింది, నూటయాభై మంది చూసినారు, తెల్లారేదాకా ఒక్కరూ ఏమీ అన్లేదు, ఆ పిల్ల మళ్ళీ అడుగుతుందా. జవాబు తెలీకపోయినా "చూసినా పాపా, నాకూ తెలీదు, రేపు సాయంత్రం కూర్చుందాం" అని ఒక లైను పెట్టేదానికి ఇద్దర్ని పెట్టుకో, ఒకరు పగలు ఒకరు రాత్రి. మన గ్రూపుల్లో అది చేసేవోళ్ళు తక్కువ, అడ్మిన్‌లు మాత్రం పదిమంది ఉంటారు.

ఇంక ఎంసెట్ పిల్లకాయలు, ఇప్పుడు దాన్ని ఈఏపీసెట్ అంటారులే. మెటీరియల్‌లో పేజీ ఫోటో తీసి అడ్డంగా పెట్టి "అర్జెంట్ ఆన్సర్ ప్లీజ్ సార్" అంటారు. కోప్పడొద్దు, ఆన్సర్ కూడా ఇవ్వొద్దు, "ఎంతవరకు చేసినావు, యాడ ఆగినావు" అని అడుగు, నిజంగా చేసినోడు రెండు లైన్లు రాస్తాడు, చెయ్యనోడు వేరే గ్రూపుకి పోతాడు. జరగతా ఉండే పరీక్ష లెక్కలు, ఒలింపియాడ్‌వి గానీ ఇంకోటి గానీ, టైం అయిపోయేదాకా గ్రూపులో ఎవరూ ముట్టుకోకూడదు. ఇది నేను చెప్పిన రూల్సులో ఒకటి. రెండోది, ఆడపిల్లలకి పర్సనల్‌గా "హాయ్" "డీపీ బాగుంది" అని మెసేజ్ పెట్టినోడు లెక్కల్లో ఎంత మొనగాడైనా ఆ రోజే తీసెయ్, ఇంకో అవకాశం అనేది లేదు, వీలైతే నంబర్లు కనపడని యాప్‌లోనే పెట్టు. మూడోది నీ ఇష్టం, నేనైతే గుడ్ మార్నింగ్ బొమ్మలు వద్దంటా.

రాసేటప్పుడు బ్రాకెట్లు పెట్టమని చెప్పు, సగం గొడవలు దాంతోనే. 6÷2(1+2) అని ఒకటి తిరుగుతా ఉంటుంది, సగం మంది 9 అంటారు సగం మంది 1 అంటారు, రెండొందల మెసేజ్‌లు, చివరికి ఇద్దరు గ్రూపులోంచి లెఫ్ట్. అది లెక్క కాదమ్మా, సరిగ్గా రాయని వాక్యం, అంతే చెప్పి మూసెయ్.

భాష గురించి ఒక మాట, ఇది నాకు కొంచెం పట్టింపు. కుప్పం పక్క నుంచో సత్యవేడు నుంచో తెలుగు మీడియం పిల్లోడు వస్తాడు, వాడికి కసాగు గసాభా తెలుసు, ఎల్‌సీఎం అంటే బిత్తరపోతాడు, మనోళ్ళు ఇంగ్లీషులో గడగడా కొడతా ఉంటే వాడు చదువుతానే ఉంటాడు గానీ నోరు తెరవడు. నువ్వు రాసేటప్పుడు రెండూ కలిపి రాయి, ప్రధాన సంఖ్య అంటే ప్రైమ్, ప్రమేయం అంటే థీరం, పది రోజులు చూస్తే అందరికీ రెండూ వచ్చేస్తాయి. మహావీరాచార్యుల సంస్కృత గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చి వందల ఏండ్లయింది, మనకి వాట్సాప్‌లో తెలుగులో లెక్క రాసేదానికి నామోషీ ఏంది.

నన్ను కూడా యాడ్ చెయ్యి, కానీ "మా గురువు గారు" అని పరిచయం చెయ్యొద్దు, పేరు కూడా పెట్టొద్దు, అడ్మిన్ అసలే చెయ్యొద్దు, ఊరికే ఒక నంబర్‌గా ఉంటా. మెట్ల లెక్క పెట్టిన రోజు నేను మధ్యాహ్నం భోజనం అయినాక "నాలుగు మెట్లకి 4 అండీ, సింపుల్" అని రాస్తా. నువ్వు గబుక్కున వచ్చి దిద్దొద్దు, సాయంత్రం దాకా ఆగు. ఎవరు నవ్వుతారో, ఎవరు "ఇంకోసారి రాసి చూడండి అంకుల్" అంటారో చూద్దాం, ఆ రెండో రకం వాళ్ళల్లోంచి నీకు కావాల్సిన ఇద్దర్ని తీసుకో.

మీ అమ్మని అడిగినట్టు చెప్పు. వచ్చేటప్పుడు చిత్తూరు నుంచి ఆ బెల్లం తెమ్మన్నా, మర్చిపోవద్దు.

నీ లెక్కల సార్
తిరుపతి