మామిడి చెట్టు ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది కదా, ఏడాదంతా ఫొటోలు తీస్తే ఏం కనిపిస్తుంది?

పెరట్లో మామిడి చెట్టు ఉందని, పిల్లలతో కలిసి ఏడాది పొడవునా ఫొటోలు తీయాలనుందని, కానీ అందులో మార్పు ఏం కనిపిస్తుందని అడిగారు. దూరం నుంచి చూస్తే నిజంగానే పెద్దగా కనిపించదు. కొమ్మ దగ్గరికి వెళితే మాత్రం ప్రతి నెలా ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. అందుకే చెట్టు మొత్తానికి ఒక ఫొటో తీసినా, అసలు దృష్టి కొమ్మల మీద పెట్టండి.

మాది నూజివీడు వైపు. పెరట్లో ఉన్నది చిన్నరసం. ఇంట్లో తలా ఒక కొమ్మ పంచుకున్నాం: అత్తయ్యగారికి, మా ఆయనకు, నాకు, పిల్లలిద్దరికీ. పాత చీరల గుడ్డపేలికలు, ఒక్కొక్కరికి ఒక్కో రంగు, వదులుగా కట్టాం. బిగించి కడితే కొమ్మ లావెక్కినప్పుడు ఒరుసుకుంటుంది. ఆదివారం పొద్దున్నే ఎవరి కొమ్మకు వాళ్ళు ఫొటో తీస్తారు. పిల్లలకు చేతికందే కొమ్మలే ఇవ్వండి.

అలా చూస్తుంటే తెలుస్తుంది, ఒకే చెట్టు మీద కొమ్మలన్నీ ఒకేసారి మారవు. వానలు పడ్డాక ఒకటి చిగురిస్తుంది, పక్కది ముదురాకుతో అలాగే ఉంటుంది. చిగురు మొదట రాగి రంగులో, మెత్తగా కిందికి వేలాడుతుంది. తర్వాత లేతాకుపచ్చ, ఆపైన ముదురు పచ్చ. చలి దేశాల్లో ఆకు రాలేముందు రంగులు చూస్తారు, మనకు ఆకు పుట్టినప్పుడే కనిపిస్తాయి.

ఒక ఏడాది మా పాప కొమ్మకు పూత రాలేదు. అందరివీ పూస్తుంటే తన కొమ్మ ఎర్రగా చిగురించింది. బాగా ఏడ్చింది. పాత ఫొటోలు వరసగా పెట్టి చూపించాను. ముందు వేసవిలో గుత్తిగా కాయలు మోసింది ఆ కొమ్మే. కాయ కాసిన రెమ్మ మళ్ళీ చిగురించాలి, ఆ చిగురు ముదరాలి, అప్పుడు గానీ చలికాలంలో పూత రాదు. ఆలస్యమైతే ఆ ఏడాదికి అంతే. ఏడాది విడిచి ఏడాది కాపు అని రైతులు అనేది దీన్నే. నేను నోటితో ఎంత చెప్పినా ఎక్కేది కాదేమో, ఫొటోలు చూశాక తనే వెళ్ళి నాయనమ్మకు చెప్పింది.

పూత సమయంలో దగ్గరగా తీయండి. ఒక్కో పూగుత్తిలో వందల పూలుంటాయి, చాలావరకు మగపూలే. నూటికి ఒకటి కూడా కాయగా నిలవదు. పిందెలు రాలడం మొదలైతే పిల్లలు టెన్షన్ పడతారు. చెట్టు మోయగలిగినన్నే ఉంచుకుంటుందని ముందే చెప్పి ఉంచండి. మా అత్తయ్యగారికి మాత్రం ఏప్రిల్ ఫొటోలే ముఖ్యం. టెంక గట్టిపడిందో లేదో ఫొటోలో తెలియదు, ఒక కాయ కోసి చూడాల్సిందే. కానీ నిరుటి ఫొటో పక్కన పెట్టి చూసి, ఆవకాయకు ఇంకా టైముందా లేదా అని ఆవిడ చాలావరకు సరిగ్గానే అంచనా వేస్తారు.

ఫోన్ సంగతికొస్తే, చెట్టు మొత్తం ఫొటోకి నిలబడే చోట ఒక ఇటుక పాతేయండి. జూమ్ ఎప్పుడూ ఒకటే ఉంచండి. చెట్టు కింద ఇంట్లోవాళ్ళు నిలబడితే పిల్లల ఎదుగుదల కూడా తెలుస్తుంది. ఫోన్‌లో రంగులు పెంచే సెట్టింగ్ ఉంటే ఆపేయండి, అది రాగి చిగురుని మార్చేస్తుంది. పూత మీద ఎండ పడితే ఫొటోలో అది ఉత్త తెల్లగా వచ్చేస్తుంది, ఫోన్ తెర మీద అక్కడ వేలితో తాకి వెలుతురు కాస్త తగ్గించండి. డిసెంబర్లో సూర్యుడు ఆగ్నేయం వైపు, జూన్‌లో ఈశాన్యం వైపు ఉదయిస్తాడు కాబట్టి ఒకే వేళకు తీసినా నీడలు మారతాయి. దాన్ని సరిచేయాలని చూడకండి, అదీ రుతువులో భాగమే.

మధ్యలో ఒకటి రెండు వారాలు మానేసినా ఫర్వాలేదు. మొగ్గ పగిలినప్పటి నుంచి పిందె కట్టేదాకా మాత్రం రెండు మూడు రోజులకోసారైనా తీయాలి. సరిగ్గా అప్పుడే సంక్రాంతి వస్తుంది. మీరు ఊరెళితే పక్కింటివాళ్ళకు గుడ్డపేలిక రంగు చెప్పి, వాళ్ళ ఫోన్‌తోనే తీసి పంపమనండి.